టైరు సోలు

బూట్లు కొనుక్కోమని శశికుమార్ సారు నాతో చెప్పింది శివరాత్రి అయిపోయిన వారంలో. ఆ ఎండాకాలం మా ఇంటికి పట్టిన శని అంతా ఆ ఒక్క మాటతోనే మొదలైందని మా అమ్మ అంజనమ్మ ఇప్పటికీ అంటుంది. ఎవరో ఒకరిని తిట్టుకోకపోతే అమ్మకు ముద్ద దిగదు, అది వేరే సంగతి. సారు చెప్పిన మాట మంచిదే. ఆ మాట పట్టుకుని నేను కొన్న బూట్లూ మంచివే. కొన్న తర్వాత వాటికి జరిగిందే మంచిది కాదు.

చిలమత్తూరు దాటాక మా ఊరి చేలను ఆనుకుని ఒక ఫారం ఉంది. ఒకప్పుడు అదంతా వేరుశనగ వేసిన నేల. వానల్లేక రైతులు అమ్ముకుంటే బెంగళూరు ఆయనెవరో కొన్నాడు. చుట్టూ గోడ కట్టి, లోపల పచ్చగడ్డి పెంచి, గుర్రాలు తెచ్చి పెట్టాడు. శని ఆదివారాల్లో పట్నం వాళ్లు కార్లలో వచ్చి గుర్రం ఎక్కి ఫోటోలు దిగి పోతారు. గోడకు ఇవతల మా అమ్మ ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడి ఉండేది. గోడకు అవతల నేను పైపు పట్టుకుని గుర్రాలకు స్నానం చేయిస్తూ ఉండేదాన్ని. నీళ్ల చప్పుడు వినబడిందంటే చాలు, అమ్మ అక్కడి నుంచే కేక వేసేది: "ఏమ్మే త్రివేణీ, ఆ గుర్రానికి సబ్బు కూడా రుద్దినావా?"

నేను మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చినదాన్ని. ఎందుకు వదిలేశానో ఇక్కడ చెప్పను. ఆ మనిషికి అంత విలువ లేదు. ఊళ్లో ఆడవాళ్లు కనబడినప్పుడల్లా "ఇంకెన్నాళ్లుంటావు పాపా ఈడ?" అని అడుగుతుంటే విని విని ప్రాణం విసిగి ఫారంలో లాయం పనికి చేరాను. లద్దె ఎత్తాలి, మూత్రం కడగాలి, మేత వేయాలి, గుర్రాల ఒళ్లు తోమాలి. ఆ పనికి పోయినందుకు ఊరు ఊరంతా ముక్కు మూసుకుంది. నాకు మాత్రం నచ్చింది. ఎన్నాళ్లుంటావని ఏ గుర్రమూ అడగలేదు.

అక్కడున్న వాటిలో నుదుట తెల్ల మచ్చ ఉన్న ఎర్ర గుర్రం నాకు ప్రాణం. బెంగళూరు రేసుల్లో పరిగెత్తి పరిగెత్తి పనికి రాదనిపించుకుని వచ్చిన ఆడ గుర్రం. దానికేదో ఇంగ్లీషు పేరు ఉండేది గానీ ఎవరి నోరూ తిరగక అందరం చుక్కి అనేవాళ్లం. ఒకరోజు దాన్ని కడగడానికి తీసుకుపోతూ, నడిచే ఓపిక లేక, జీను లేకుండానే ఎక్కి కూర్చున్నాను. తలెత్తి చూస్తే ఎదురుగా శశికుమార్ సారు. ఫారంలో గుర్రపు స్వారీ నేర్పేది, పెత్తనం చేసేది ఆయనే. బెంగళూరు మనిషి.  ఈ రోజుతో పని ఊడినట్టే అనుకున్నాను.

"ఏనమ్మా, ఎవరు నేర్పించినారు నీకు?" అన్నాడు.

"గొర్రెలు సార్."

ఆయన పగలబడి నవ్వాడు. అబద్ధం కాదు. మా నాయన తిమ్మన్న గొర్రెల కాపరి. నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మేత కోసం మందను తోలుకుని మడకశిర మీదుగా కన్నడ సీమకు పోయేవాళ్లం. సామాను మోయడానికి ఒక పొట్టి గుర్రం ఉండేది. దాని మీద గొంగళ్లు, గిన్నెలు, దారిలో పుట్టిన గొర్రెపిల్లలు, వాటి మధ్యలో నేను. నడక సరిగా రాకముందే నాకు గుర్రం మీద కూర్చోవడం వచ్చు.

"ఎండాకాలం సెలవులకి ఆడపిల్లల క్యాంపు పెడతాండారు ఓనరు," అన్నాడు సారు. "నేర్పించేకి ఆడ మనిషే కావాలని వాళ్ల అమ్మలు పట్టుబట్టినారు. నేను నీకు నేర్పిస్తా. క్యాంపులో నిలబడితివంటే ఇంక లద్దె ఎత్తే పని లేదు, నువ్వు టీచరువే. లోపల నీకని ఒక రూము ఇస్తారు."

రూము అన్న మాట నా చెవిలో పడగానే మిగతావేవీ వినబడలేదు. నా తాళం, నా తలుపు. ఎన్నాళ్లుంటావని అడిగే హక్కు ఎవరికీ లేని చోటు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆ గదిలో కిటికీ ఎటు ఉంటే బాగుంటుందో కూడా ఆలోచించేశాను.

మర్నాడే బూట్ల మాట వచ్చింది. చెప్పులతో జీను ఎక్కనివ్వనన్నాడు సారు.

"ఫారం వాళ్లు ఇయ్యరా సార్?"

"షర్టు ఇస్తారు, టోపీ ఇస్తారు."

ఫోటోలో పడేవన్నీ ఇస్తారన్న మాట. ఫోటోలో కాళ్లు ఎవరు చూస్తారు?

"లాయానికి ఒక జత, స్వారీకి ఒక జత ఉండాల నిజానికి," అన్నాడు. "క్యాంపు మొదలయ్యే దాకా నువ్వు రెండు పనులూ చేయాల కాబట్టి, ఒకటే కొంటానంటే చూసి కొనుక్కో." జీనుకు వేలాడుతున్న రికాబును పట్టుకుని అందులో తన కాలు పెట్టి చూపించాడు. "మడమ రోంత ఎత్తుండాల. లేకుంటే కాలు ఇట్ల దూరి అటు పక్కకి పోతుంది. చీలమండ మూసుకోవాల. వెడల్పు ఈ రికాబులో పట్టాల. కింద మాత్రం నున్నగా ఉండాల."

"నున్నగా ఉంటే లాయంలో జారతా కదా సార్?"

"జారతావు. జారితే నడుము పట్టుకుంటుంది, అంతే. అదే రికాబులో జారకపోతే..."

ఆయన ఫోను మోగింది. ఓనరు. "హా సార్, హా సార్" అంటూ గేటు వైపు నడిచాడు, మళ్లీ ఆ మాట పూర్తి చేయలేదు. ఆ ఫోను చేసినవాడి చెయ్యి విరగ.

బూట్లకు హిందూపురం పోయాం, నేనూ నాయనా. ఒక్కదాన్ని పోతానంటే వినలేదు. రికాబు వెడల్పుకు ఒక చీపురుపుల్ల విరిచి కొంగుకు ముడేసుకున్నాను. బజారులో ప్రతి బూటునూ తిప్పి దాని మీద ఆ పుల్ల పెట్టి చూస్తుంటే అంగడివాళ్లు నన్ను వింతగా చూశారు.

నాయనకు మొదటి అంగట్లోనే మనసు పడింది. పైపులు, మందు కొట్టే డబ్బాలు అమ్మే చోట మోకాళ్ల దాకా వచ్చే నల్ల గమ్‌బూట్లు వేలాడుతున్నాయి. "ఇవి తీసుకో పాపా. పేడ అంటదు, నీళ్లు దిగవు, పామొచ్చి కరిచినా ఏం కాదు." వేసుకుని నాలుగడుగులు వేస్తే లోపల నా కాలు ఈత కొట్టింది. పుల్ల పెడితే బూటు దాటి పోయింది. తర్వాతి అంగట్లో ఇళ్లు కట్టే మేస్త్రీలు వేసుకునే బూట్లు చూపించారు. ముందు ఇనుప ముక్క, కింద నాగలి చాళ్లంత గాళ్లు. ఎత్తితే చెయ్యి నొప్పి పుట్టింది. ఆ పక్కన ఆటల బూట్లు ముచ్చటగా ఉన్నాయి గానీ గుడ్డవి, గుర్రపు మూత్రంలో ఒక పూట నిలబడితే వాటి వాసనకు మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. మడమా లేదు.

"ఆడోళ్లకి బూట్లేంటికమ్మా? మంచి శాండిల్సు సూపిస్తా రా," అన్నాడు ఒక అంగడాయన.

"నీ పెండ్లానికి సూపించుపో," అన్నాను. నాయన నన్ను బయటికి లాక్కొచ్చాడు.

ఆఖరికి ఒక పాత అంగట్లో, పైన అటకలో, దుమ్ము పట్టిన పెట్టెలో దొరికాయి. చీలమండ దాకా వచ్చే నల్ల తోలు బూట్లు. చిన్న మడమ. కింద అచ్చమైన తోలు సోలు, అద్దంలా నున్నగా.

"పెండ్లి బ్యాండు వాళ్లకని తెప్పించినామమ్మా," అన్నాడు అంగడి ముసలాయన. "డీజేలొచ్చినాక బ్యాండోళ్లు యాడుండారు? జారతాయని మిగతావాళ్లెవురూ కొనరు."

పుల్ల పెట్టి చూశాను. రెండు పక్కలా కొంచెం సందు మిగిలింది, కాలు ఆడేంత. వేసుకుంటే నా కోసమే కుట్టినట్టు పట్టాయి. అంత సంతోషం నాకు పెళ్లి చీర కట్టుకున్నప్పుడు కూడా లేదు. నాయన మాత్రం ఒక బూటు తిప్పి, బొటనవేలితో సోలు మీద అటూ ఇటూ రుద్దాడు.

"ఇది బూటా, పలకా? దీంతో ఎట్ల నడుస్తావు?"

"సారు ఇట్లనే ఉండాలన్నాడు నాయనా."

బూట్లు సంచిలో వేసుకుని నాయనే పట్టుకున్నాడు. బస్సులో సీటు దొరికింది గానీ సంచి కింద పెట్టలేదు, దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక ఆముదం తెమ్మని, తానే గుడ్డతో ఆ తోలుకు పట్టించాడు. ముడతల్లో, కుట్ల మీద, నాలుక కింద. ఆముదం తాగిన తోలులోకి తడి దిగదని ఆయనకు తెలుసు. అది చూసి అమ్మ మెటికలు విరిచింది. "కట్టుకున్న మొగుడికి ఒకరోజు తలంటింది లేదు గాని, బూట్లకి మాత్రం ఇద్దరూ కలిసి ఆముదం రాస్తాండారు."

ఆ నెల రోజులూ నా బతుకులో మంచి రోజులు. పొద్దున లాయం కడిగేదాన్ని, ఎండ ఎక్కక ముందు సారు చుక్కికి జీను వేయించి నన్ను ఎక్కించేవాడు. నడక, చిన్న పరుగు, మలుపు, ఆపడం. చాలాసార్లు పడ్డాను. పడ్డ ప్రతిసారీ కాళ్లు రికాబుల్లోంచి వాటంతటవే వచ్చేసేవి. దుమ్ము దులుపుకుని లేచేదాన్ని. అవి ఎందుకు వస్తున్నాయో అప్పుడు నా బుర్రకు తట్టలేదు. ఊపిరి తీసుకునేటప్పుడు గాలి గురించి ఎవరు ఆలోచిస్తారు? చుక్కి మాత్రం నేను పడగానే ఆగి, మెడ తిప్పి, నా తల వాసన చూసేది.

లాయంలో మాత్రం నాయన అన్నట్టే అయింది. తడిసిన సిమెంటు మీద ఆ సోలు నిలిచేది కాదు. గోడ పట్టుకుని, చీపురు ఆనించుకుని నెట్టుకొచ్చాను. క్యాంపు దగ్గర పడిన రోజుల్లో, ఒక ఉదయం నీళ్ల బక్కెట్టుతో జారి సరిగ్గా చుక్కి కడుపు కింద వెల్లకిలా పడ్డాను. అది నాలుగు కాళ్లూ బిగబట్టుకుని, నేను పాకి బయటికి వచ్చే దాకా గిట్ట కదపలేదు. మోచెయ్యి మాత్రం కమిలి నల్లబడింది. దాచుదామనుకున్నాను గానీ అమ్మ కంటికి ఏదీ దాగదు.

"సూడు, నీ కూతురి చెయ్యి సూడు," అని నాయన ముందు నా చెయ్యి ఎత్తి పట్టుకుంది. "గుర్రం కాళ్ల కింద పడిందంట. తొక్కింటే ఏమయ్యేది?"

నాయన నా మోచెయ్యి చూశాడు. తర్వాత గుమ్మం పక్కనున్న బూట్లు చూశాడు. గొర్రెలు తోలుకుని పోయాడు.

ఇక్కడ మావాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. గొర్రెలు కాసేవాళ్లెవరూ కొత్త చెప్పుల్ని అలాగే కాలికి వేసుకోరు. అంగట్లోంచి నేరుగా చెప్పులు కుట్టేవాడి దగ్గరికి తీసుకుపోతారు. అడుగున లారీ టైరు ముక్క కోసి అతికించి, చుట్టూ మేకులు దిగ్గొట్టించాకే అవి చెప్పులైనట్టు లెక్క. తుమ్మ ముల్లు దిగకూడదు, గుట్ట ఎక్కేటప్పుడు కాలు జారకూడదు. పెళ్లికొడుకు చెప్పులకైనా సరే, టైరు పడాల్సిందే. మా నాయన కాళ్లకు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ టైరు తప్ప వేరేది లేదు. గుట్టల మీద ఆయన జారడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సోమవారం నాకు సెలవు. లేచి చూస్తే గుమ్మం పక్కన బూట్లు లేవు, ఇంట్లో నాయన లేడు. మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుతూ వచ్చాడు. బూట్లు రెండూ నా ముందు బోర్లా పెట్టాడు. చిలమత్తూరులో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టే తిప్పేష్ దగ్గర టైరు వేయించాడు. బొటనవేలు మందాన నల్లటి లారీ టైరు, లోతైన గాళ్లు, అంచు పొడవునా మేకుల వరస.

"తిప్పేషు శానా బాగా కొట్టినాడు," అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "కొత్త టైరు ముక్క వెతికించినా. యాడన్నా జారతావేమో ఇప్పుడు సూడు పాపా."

"నాయనా, కింద నున్నగా ఉండాలన్నాడు కదా సారు."

"ఆ సారు ఎప్పుడన్నా మూత్రంలో నిలబడి లద్దె ఎత్తినాడా? కాలికి పట్టు లేనిదాన్ని బూటంటారా ఎవురన్నా? నీకేమన్నా అయితే ఆ సారొస్తాడా, నేనొస్తానా?"

 ఆయన గొర్రెల్ని ఎవరికో అప్పజెప్పి ఎండలో అంత దూరం నడిచి పోయి వచ్చాడు. అయినా మర్నాడు పొద్దున్నే బూట్లు చేత్తో పట్టుకుపోయి శశికుమార్ సారుకు చూపించాను. ఆయన ఫోనులో క్యాంపు బ్యానరు చూసుకుంటున్నాడు. బూటు వైపు ఒక చూపు చూసి నవ్వాడు.

"ఏంటమ్మా, ట్రాక్టరు నడిపేకి పోతాండావా?"

"వీటితో ఎక్కచ్చా సార్?"

"పిల్లల పక్కన మెల్లగా నడిపించేదే కదా. నడుస్తుందిలే." చూపు మళ్లీ ఫోనులోకి పోయింది.

నేను అడిగాను, ఆయన సరేనన్నాడు. లాయంలో ఆ బూట్లు రాజాలాగా ఉన్నాయి. తడి సిమెంటు మీద పరిగెత్తినా జారలేదు. రికాబులో కొంచెం బిగుతుగా కూర్చున్నాయి గానీ, కాలు కదలకుండా గట్టిగా ఉంటే నాకు హాయిగానే అనిపించింది.

క్యాంపు మొదలైన రోజు పిల్లలందరికీ తలకు టోపీలు పెట్టి కంచె వెంబడి నిలబెట్టారు. వాళ్ల అమ్మలు గొడుగుల కింద కుర్చీల్లో కూర్చున్నారు. నాకు ఫారం షర్టు, ఫారం టోపీ. "త్రివేణి మేడం ముందు చేసి చూపిస్తారు, అందరూ చూడండి," అన్నాడు సారు. మేడం అన్న మాటకు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గోడ పక్కన ట్యాంకరు వరసలో అమ్మ ఉండి ఉంటుంది, వినబడితే బాగుండును అనుకున్నాను.

చుక్కి చక్కగా నడిచింది. చిన్న పరుగులోకి దించాను. అప్పుడు పైన తుమ్మెదలు మూగినట్టు చప్పుడు మొదలైంది. వీడియో తీయడానికి ఓనరు తెప్పించిన డ్రోను. ఎగరేసేవాడు దాన్ని సరాసరి చుక్కి తల మీదికి దించాడు. అది బెదిరి పక్కకు దూకింది. ఏ గుర్రమైనా దూకుతుంది. నేను పడ్డాను. ఎడమ కాలు వచ్చింది, కుడి కాలు రాలేదు.

కంచె, ఆకాశం, గడ్డి, పిల్లల అరుపులు. చుక్కి నన్ను ఈడ్చుకుంటూ ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. దాన్ని ఎవరూ ఆపలేదు. అందరూ దూరంగా నిలబడి అరుస్తున్నారు. నా బరువు ఒక పక్కన ఈడుస్తోందని తెలిసి అది తానే ఆగింది. ఒళ్లంతా వణుకుతూ నిలబడింది. సారు వచ్చి రికాబులోంచి బూటు లాగబోతే రాలేదు. జీను పట్టీ కోశారు.

హిందూపురం ఆసుపత్రిలో చీలమండకు ఇనుప పట్టీ వేసి మరలు బిగించారు. మూడో రోజో నాలుగో రోజో ఓనరు వచ్చాడు, యాపిల్ పండ్ల సంచితో. వెంట శశికుమార్ సారు. నాయన నా మంచం కాళ్ల దగ్గర కూర్చుని బాగున్న కాలిని చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచీ దాన్ని వదల్లేదు.

"భయపడకమ్మా," అన్నాడు ఓనరు. "పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు, ఏదో ఒకటి చెప్పాలి కదా. గుర్రానికి పిచ్చెత్తి నిన్ను ఈడ్చుకుపోయింది, అంతే కదా? దాన్ని పంపించేస్తాం. నీ ఆసుపత్రి సంగతి మేమే చూసుకుంటాం."

"అంతే సామీ," అన్నాడు నాయన. "ఆ ముండ గుర్రాన్ని ఈడ ఉంచద్దండి సామీ. నా బిడ్డని సంపేసేది."

ఊ అంటే సరిపోయేది. ఆ ఒక్క అక్షరం నా నోట రాలేదు. లాయంలో నేను దాని కడుపు కింద పడినప్పుడు గిట్ట కదపకుండా నిలబడిన చుక్కి కళ్ల ముందుకు వచ్చింది. దాని తప్పు కాదని చెప్పడానికి దానికి నోరు లేదు. నాకుంది.

"లేదు సార్," అన్నాను. "అది బెదిరింది, అంతే. నేను పడినా. రికాబులోంచి బూటు రాలేదు. చుక్కి దానంతట అదే నిలబడింది, లేకుంటే నేను పోయేదాన్నే. దాని తప్పు లేదు."

"బూటు ఎందుకు రాలేదు?"

శశికుమార్ సారు వంగి మంచం కింది నుంచి బూటు తీశాడు. తిప్పి ఓనరుకు చూపించాడు. "టైరు వేయించింది సార్. గాళ్లలో రికాబు ఇనుము పట్టేసింది. నున్నగా ఉండాలని నేను మొదట్లోనే చెప్పినా."

"నేను మీకు సూపించినా కదా సార్? ఎక్కచ్చన్నారు కదా?"

ఆయన నా వైపు చూడలేదు. ఓనరు ముఖం మాత్రం తేటపడింది. "అయితే మా వైపు నుంచి ఏం లేదన్న మాట," అన్నాడు సారుతో, నాతో కాదు. పండ్ల సంచి బల్ల మీద పెట్టి, జాగ్రత్తగా ఉండమని చెప్పి, ఇద్దరూ వెళ్లిపోయారు.

నాయన ఆ బూటు వైపే చూస్తున్నాడు. గాళ్లలో ఇంకా ఎర్రమట్టి ఉంది. కాసేపటికి నా కాలి మీద నుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకున్నాడు.

నేను నిజం చెప్పిందానికి ఏం మిగిలిందంటారా? చుక్కిని ఎలాగూ అమ్మేశారు. డ్రోను తీసిన వీడియో తల్లుల ఫోన్లన్నిటిలో తిరిగింది. ఆ గుర్రం ఉంటే పిల్లల్ని పంపేది లేదన్నారు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్లెవరో లారీలో ఎక్కించుకుపోయారు. చిన్న చప్పుడుకు బెదిరే గుర్రం, ఇప్పుడు డీజేల ముందు ఎట్లా నిలబడుతోందో దానికే తెలియాలి. క్యాంపుకు బెంగళూరు నుంచి ఒకమ్మాయిని తెచ్చారు. నాకు ఇస్తామన్న గది ఆమెకే ఇచ్చారు. బూట్లు కూడా ఫారం వాళ్లే కొనిచ్చారట, రెండు జతలు, లాయానికొకటి, స్వారీకొకటి.

ఆసుపత్రి ఖర్చుకు మా గొర్రెలు పోయాయి. మంద మొత్తం. అమ్మ ఊరుకుంటుందా? "నోరు మూసుకోనుంటే వాళ్లే కట్టేటోళ్లు కదమ్మే! ఆ గుర్రమన్నా మిగిలిందా, మన గొర్రెలన్నా మిగిలినాయా? నీ నిజం నీకు కూడు పెడుతుందిలే." ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది? నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాకు అందరి మీదా మంటగా ఉండేది. సారు మీద, ఓనరు మీద, ఆ డ్రోను వాడి మీద. మంచి టైరు ముక్క వెతికించిన నాయన మీద మంట పడుదామన్నా పడలేకపోయేదాన్ని, దానికి ఇంకా మంట.

నాయన చెప్పులు వేసుకోవడం మానేశాడు. గుమ్మం పక్కన ఆయన టైరు చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఎండకు నేల పెనంలా కాలుతుంటే ఒట్టి కాళ్లతో తిరిగేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని పిన్నీసుతో ముళ్లు తీసుకునేవాడు. ఏంటికిట్ల అని అమ్మ అడిగితే తెగిపోయినాయి అన్నాడు. తెగలేదని ముగ్గురికీ తెలుసు.

ఒకసారి అన్నాను. "నాయనా, నీ తప్పేం లేదు."

"నేనేమన్నా అంటినా?" అని లేచి బయటికి పోయాడు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

కాయడానికి గొర్రెల్లేవు కాబట్టి రోజంతా పెరట్లోనే ఉండేవాడు. అక్కడి నుంచి రాతి మీద ఏదో రుద్దుతున్న చప్పుడు వచ్చేది. ఆగేది, మళ్లీ మొదలయ్యేది. నేను లేవలేను, చూడలేను. కొడవలి నూరుతున్నాడనుకున్నాను. "కోసేకి చేలో ఏముండాదని నూరతాండావు?" అని అమ్మ అరిచేది. రుద్దుడు చప్పుడు మళ్లీ మొదలయ్యేది. వానాకాలం వచ్చిందని పంచాంగమే చెప్పింది, మబ్బు మాత్రం రాలేదు.

కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడవడం వచ్చిన రోజున, నాయన పెరట్లోంచి వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. గుడ్డలో చుట్టినవి విప్పి కింద పెట్టాడు. నా బూట్లు. ఆముదంతో నల్లగా నిగనిగలాడుతున్నాయి. తిప్పి చూపించాడు. టైరు గాళ్లన్నీ పోయాయి. మేకులు పీకితే తోలు చిరుగుతుందని పీకలేదు. ఇసుకరాయి మీద రోజుల తరబడి రుద్ది రుద్ది, మేకుల తలలతో సహా అరగదీశాడు. ఆయన వేళ్ల కొనలు పగిలిపోయి ఉన్నాయి. బొటనవేలితో సోలు మీద అటూ ఇటూ రుద్దాడు, ఆరోజు అంగట్లో రుద్దినట్టే.

"ఇప్పుడు జారుతుంది పాపా," అన్నాడు. "సూడు, ఎంత నున్నగా ఉండాదో."

ఎడమ బూటు ఆయనే తొడిగాడు. సరిగ్గా పట్టింది. కుడి బూటు తీసుకుని నా కాలు జాగ్రత్తగా ఎత్తి లోపలికి తోశాడు. వేళ్లు పోయాయి, మడమ పోలేదు. చీలమండ దగ్గర ఇనుప పట్టీ ఉబ్బెత్తుగా ఉంది. లేసులన్నీ విప్పి మళ్లీ తోశాడు. నొప్పికి నా కళ్లు తిరిగాయి. పెదవి కొరుక్కుని చప్పుడు చేయకుండా కూర్చున్నాను. ఆ కాలు ఇంక ఆ బూటులో పట్టదని, పట్టినా అది ఏ రికాబులోకీ పోదని నాకు డాక్టరు చెప్పాడు. నేను నాయనకు చెప్పలేదు.

"రోంత బిగుతుగా ఉండాది," అన్నాడు ఆయన తల ఎత్తకుండా. "అంతే. తిప్పేషు కాడికి పోయి ఎడల్పు చేయించుకొస్తా. ఒక కుట్టు విప్పితే సరిపోతాది."

వద్దని అనవచ్చు. ఒకసారి నిజం చెప్పి చూశాను కదా, చాలు.

"సరే నాయనా," అన్నాను. "చేయించుకోని రా."

రెండు బూట్లూ చంకలో పెట్టుకుని లేచాడు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. గుమ్మం పక్కనున్న చెప్పుల్ని దాటుకుని ఒట్టి కాళ్లతో రోడ్డు మీదికి దిగాడు.

"నాయనా, చెప్పులేసుకోని పో!" అని అరిచాను.

వినబడలేదో, వినదలచుకోలేదో. వెనక్కి తిరగకుండా, కాలే తారు మీద గబగబా అడుగులు వేసుకుంటూ చిలమత్తూరు వైపు పోయాడు.